అల్ కాపోన్‌ను షికాగో జనం ఎందుకు ఇష్టపడ్డారు, ఎప్పుడు వదిలేశారు?

పాతపత్రిక:
1920ల్లో షికాగోలో దొంగసారా ముఠా నడిపిన కాపోన్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా రెండు ముక్కల దగ్గరే ఆగిపోతారు. పేదలకు ఉచితంగా సూప్ పోశాడు, చివరికి పన్ను ఎగ్గొట్టి దొరికాడు. ఈ రెంటి మధ్య ఏం జరిగిందో తెలియకపోతే జనం అతన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నారో అర్థం కాదు, ఎందుకు దించేశారో అసలే అర్థం కాదు. తేదీలు, అంకెలు పట్టుకుని ఒకసారి మొత్తం మాట్లాడుకుందాం. మొదటి భాగం నేను రాస్తాను.

1899 జనవరి 17న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఇటలీలో నేపుల్స్ వైపు నుంచి వలస వచ్చినవాళ్లు. తండ్రిది క్షౌరవృత్తి. తొమ్మిదిమంది పిల్లలు. ఆరో తరగతిలో టీచరు మీద చెయ్యి చేసుకుని బడి మానేశాడు. తర్వాత ఫ్రాంకీ యేల్ అనే దాదాకి కోనీ ఐలాండ్‌లో ఉన్న బారులో పనికి కుదిరాడు. అక్కడ ఒకమ్మాయితో వెకిలిగా మాట్లాడితే ఆమె అన్న కత్తి తీసి ఎడమ చెంప మీద మూడు గాట్లు పెట్టాడు. ‘స్కార్‌ఫేస్’ అన్న పేరు అలా వచ్చింది. ఆ పేరంటే అతనికి గిట్టేది కాదు. ఫొటోల్లో వీలైనంతవరకు కుడి చెంపే కనబడేలా నిలబడేవాడు. అవి యుద్ధంలో తగిలిన గాయాలని చెప్పుకునేవాడు కానీ సైన్యంలో ఒక్కరోజు కూడా పనిచేయలేదు. దగ్గరివాళ్లు మాత్రం ‘స్నోర్కీ’ అని పిలిచేవారు, అంటే సోకుగా ముస్తాబయ్యేవాడని.

1920 ప్రాంతంలో ముఠా పెద్ద జానీ టోరియో పిలుపు మీద షికాగో చేరాడు. అమెరికాలో మద్యనిషేధం అమల్లోకి వచ్చిన రోజు 1920 జనవరి 17. సరిగ్గా అతని ఇరవై ఒకటో పుట్టినరోజు.

నల్లకోటు:
ఆ చట్టం ఎలా ఉందో చూస్తేనే ఇతని పలుకుబడి వేళ్లు కనిపిస్తాయి. వోల్‌స్టెడ్ చట్టం ప్రకారం 0.5 శాతం మించి ఆల్కహాల్ ఉన్న ఏ పానీయమైనా నిషిద్ధమే. అయితే నేరమైనవి తయారీ, రవాణా, అమ్మకం. తాగడం నేరం కాదు. నిషేధానికి ముందు కొని ఇంట్లో దాచుకున్నది ఇంట్లోనే తాగొచ్చు. డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులో విస్కీ దొరికేది. పళ్లరసం పేరుతో ఇంటి వాడకానికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా వైన్ చేసుకునే వెసులుబాటు కూడా ఉండేది.

అంటే తాగేవాడి మీద కేసు లేదు, పోసేవాడి మీద ఉంది. నగరంలో లక్షలమందికి తాము తప్పు చేస్తున్నామన్న భావనే లేదు. వాళ్ల దృష్టిలో కాపోన్ తమకు కావలసిన సరుకును ప్రభుత్వం అడ్డుపడుతున్నా తెచ్చిచ్చే వ్యాపారి. తనూ విలేఖరుల ముందు ఆ మాటే చెప్పేవాడు. జనాదరణలో సగం అతను సంపాదించుకున్నది కాదు, ఆ చట్టం మీద ఉన్న కోపం నుంచి అతనికి అప్పనంగా వచ్చింది.

బీరుపీపా:
సరుకు గురించి రెండు ముక్కలు. టోరియో తెలివంతా మూతపడిన పాత బ్రూవరీలను చేతిలోకి తెచ్చుకోవడంలో ఉంది. 0.5 శాతం లోపు ‘నియర్ బీర్’ తయారీకి అనుమతులు దొరికేవి. అది చేయాలంటే ముందు మామూలు బీరే కాచాలి, ఆ తర్వాత వేడి చేసి ఆల్కహాల్ తీసేయాలి. ఆ రెండో పని చేయకుండా పీపాలు బండెక్కిస్తే అది అసలైన బీరు. బయటికి చూస్తే ఫ్యాక్టరీ, లైసెన్సు, గుర్రాలు, లారీలు అన్నీ చట్టబద్ధమే.

చిన్న ముఠాలకు బ్రూవరీ దక్కేది కాదు. అందుకని వాళ్లు చట్టబద్ధమైన నియర్ బీర్ పీపాలోకి ఆల్కహాల్ ఎక్కించేవారు. ‘సూది బీరు’ అన్నది అదే. పారిశ్రామిక ఆల్కహాల్‌ను తాగకుండా ఉండాలని ప్రభుత్వమే అందులో మిథనాల్ కలిపించేది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండా వాడితే కళ్లు పోయేవి, ప్రాణాలు పోయేవి. బ్రూవరీ బీరులో ఆ ప్రమాదం లేదు. కాపోన్ సరుకుకు ఆ రోజుల్లో మంచి పేరు రావడానికి కారణం ఇదే. అతని నిజాయితీ కాదు, బ్రూవరీలు అతని చేతిలో ఉండటం.

బ్రూవరీకి ఉన్న బలహీనత ఏమిటంటే, కదలదు. 1924 మే 19న సీబెన్ బ్రూవరీ మీద దాడి జరిగినప్పుడు టోరియో అక్కడే దొరికిపోయాడు. తన వాటా అతనికి అమ్మేసి తప్పుకుంటానన్న ప్రత్యర్థి ముఠా నాయకుడు ఓబానియన్ పన్నిన వల అది. అదే ఏడాది నవంబరు 10న ఓబానియన్‌ను అతని పూలకొట్టులోనే కాల్చి చంపారు. 1925 జనవరి 24న టోరియో మీద కాల్పులు జరిగాయి. చావు తప్పి బయటపడ్డాడు, పగ్గాలు కాపోన్‌కి అప్పగించి వెళ్లిపోయాడు. అప్పటికి కాపోన్‌కి 26 ఏళ్లు.

పాతపత్రిక:
బీరుపీపా గారు చెప్పినదానికి సిసెరోని కలపాలి. షికాగోలో 1923లో మేయరు మారి పోలీసులు బిగించేసరికి ముఠా పడమటి పొలిమేరలో ఉన్న ఆ చిన్న ఊరికి మకాం మార్చింది. 1924 ఏప్రిల్ 1న సిసెరో ఎన్నికల్లో పోలింగు కేంద్రాల దగ్గర తుపాకులతో నిలబడి తమవాళ్లను గెలిపించుకున్నారు. ఆ రోజే కాపోన్ అన్న ఫ్రాంక్ పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఊళ్లో జనం అతన్ని ఇష్టపడ్డారని రాసేవాళ్లు ఈ ఎన్నికను దాటేయకూడదు. ఇష్టంతో పాటు భయం కూడా మొదటి నుంచీ ఉంది.

ఇక ఇష్టం ఎలా పెరిగింది? మిగతా ముఠా నాయకులు విలేఖరులను చూస్తే మొహం చాటేసేవారు. ఇతను కూర్చోబెట్టి మాట్లాడేవాడు. బేస్‌బాల్ ఆటలకు ముందు వరసలో కూర్చునేవాడు. హోటల్లో, బట్టల షాపులో టిప్పులు ధారాళంగా ఇచ్చేవాడు. 1926 సెప్టెంబరు 20న సిసెరోలోని హాథార్న్ హోటల్ ముందు నుంచి ప్రత్యర్థి ముఠా కార్లలో వరసగా వెళుతూ వెయ్యికి పైగా తూటాలు కురిపించింది. కాపోన్ నేలమీద పడుకుని తప్పించుకున్నాడు. అక్కడ ఆగివున్న కారులో కూర్చున్న ఒకామెకు కంట్లో గాజుముక్క గుచ్చుకుంటే ఆమె ఆపరేషన్ ఖర్చు వేల డాలర్లు తనే కట్టాడు. ఆ వార్త తూటాల వార్తతో సమానంగా అచ్చయింది.

గడపదాటని:
ఒక ప్రశ్న. సూప్ కేంద్రం సంగతి నిజమేనా, లేక అదీ తర్వాత పుట్టిన కథా? నిజమైతే డబ్బు ఎవరిది?

పాతపత్రిక:
నిజమే. 1930 నవంబరులో, మహా మాంద్యం రెండో చలికాలంలో, సౌత్ స్టేట్ స్ట్రీట్ 935 నంబరు దగ్గర తెరిచారు. నిరుద్యోగులకు సూప్, కాఫీ, డోనట్లు ఉచితం అని పెద్ద బోర్డు. దాని కింద ఓవర్‌కోట్లు, టోపీలు వేసుకున్న మగవాళ్ల వరస ఫొటో ఇప్పటికీ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ ఫొటోను కాస్త నిదానంగా చూడండి. చిరిగిన బట్టలవాళ్లు తక్కువ. మొన్నటిదాకా జీతం తెచ్చుకున్నవాళ్ల కోట్లు అవి. చాలామంది కెమెరాకు మొహం తిప్పేసుకున్నారు. సాయం కోసం వరసలో నిలబడటం అంతకుముందు అలవాటు లేనివాళ్లు. అందుకే ఆ కేంద్రంలో ఎవరు, ఏమిటి అని వివరాలు అడగకపోవడం జనానికి అంతగా నచ్చింది. పొద్దున కాఫీ, తీపి రొట్టె. మధ్యాహ్నం, రాత్రి సూప్, రొట్టె. ఇంకోసారి అడిగితే కాదనేవారు కాదు.

ఎంతమంది తిన్నారన్న లెక్క ఒక్కో పత్రికలో ఒక్కోలా ఉంది, ఎందుకంటే లెక్క రాసినవాడు లేడు. రోజుకు వేలల్లో అనడం వరకు తేడా లేదు. రోజు ఖర్చు 300 డాలర్లని పత్రికలు రాశాయి. అదే మనిషి సంస్థకు 1927లో పది కోట్ల డాలర్లకు పైగా రాబడి ఉందని ఫెడరల్ అధికారులు అంచనా కట్టారు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే దానం బరువెంతో తెలుస్తుంది. పైగా సరుకులో చాలాభాగం స్థానిక వ్యాపారుల దగ్గర వసూలు చేసింది. మాంసం కొట్టువాళ్లు, రొట్టె కొట్టువాళ్లు ‘చందా’ ఇచ్చారు, ఇవ్వకపోతే ఏమవుతుందో తెలుసు కాబట్టి. కొద్ది నెలలకే కేంద్రం మూతపడింది.

జమాఖర్చు:
అయినా ఆకలితో ఉన్నవాడికి ఆ పూట కడుపు నిండిన మాట కాదనలేం కదా. నగరపాలక సంస్థ టీచర్లకే జీతాలివ్వలేక చేతులెత్తేస్తున్న రోజులవి. అన్నం ఎవరిదని అడిగే ఓపిక వాళ్లకు ఉండాలనుకోవడం అన్యాయం.

పాతపత్రిక:
తిన్నవాళ్లను తప్పుపట్టడం లేదు. పెట్టినవాడు ఆ సమయాన్నే ఎందుకు ఎంచుకున్నాడన్నదే నా మాట. 1930 ఏప్రిల్‌లో షికాగో క్రైమ్ కమిషన్ ‘ప్రజాశత్రువులు’ అంటూ 28 పేర్లతో జాబితా విడుదల చేసింది. మొదటి పేరు ఇతనిదే. అంతకు నెల ముందు, మార్చి 24 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రం కూడా ఇతనే. పేరు బాగా చెడిన ఏడాదిలోనే సూప్ కేంద్రం వచ్చింది.

తూటాలెక్క:
పేరు చెడటం అక్కడ మొదలుకాలేదు. 1929 ఫిబ్రవరి 14, ఉదయం పదిన్నర ప్రాంతం, నార్త్ క్లార్క్ స్ట్రీట్ 2122 నంబరు గ్యారేజీ. కాపోన్ ప్రత్యర్థి బగ్స్ మొరాన్ ముఠాకు చెందినవాళ్లు, అక్కడ పనిచేసే మెకానిక్, ఆ ముఠాతో తిరిగే ఒక కళ్లజోళ్ల నిపుణుడు, మొత్తం ఏడుగురిని గోడవైపు తిప్పి నిలబెట్టి కాల్చారు. చంపినవాళ్లలో ఇద్దరు పోలీసు దుస్తుల్లో ఉన్నారు. వీళ్లు నిజం పోలీసులే అనుకుని ఆ ఏడుగురూ ఎదురుతిరగలేదు. కాపోన్ ఆ రోజు ఫ్లోరిడాలో ఒక ప్రభుత్వ న్యాయవాది ముందు కూర్చుని ఉన్నాడు. ఆ హత్యలకు ఎవరి మీదా విచారణ జరగలేదు.

అంతవరకూ జనం చెప్పుకున్న మాట ‘వాళ్లలో వాళ్లు చంపుకుంటున్నారు, మనకేం’ అని. మర్నాడు పత్రికల్లో వచ్చిన ఫొటోలతో ఆ మాట ఆగిపోయింది. గోడ, నేల, వరసగా పడివున్న శవాలు.

సాంకేతికంగా ఈ కేసు చాలా పెద్ద మలుపు. నేలమీద డెబ్బై దాకా .45 క్యాలిబర్ ఖాళీ తూటా గుల్లలు దొరికాయి. కాల్విన్ గొడార్డ్ అనే నిపుణుడిని పిలిపించారు. చంపింది నిజంగా పోలీసులేనా అన్న అనుమానం ఊరంతా ఉంది కాబట్టి, ముందుగా పోలీసుల దగ్గరున్న థాంప్సన్ తుపాకులు పేల్చి చూశాడు. ఒకే నమూనా తుపాకులైనా ఫైరింగ్ పిన్ కొట్టిన మచ్చ, గుల్లను బయటికి లాగే కొక్కెం గీత, గొట్టం లోపలి మెలికల గీతలు ఒక్కోదానికి ఒక్కోలా పడతాయి. హత్యాస్థలంలో దొరికినదాన్ని, పేల్చి చూసినదాన్ని కంపారిజన్ మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి చూస్తారు. పోలీసు తుపాకులు సరిపోలేదు. ఆ ఏడాది డిసెంబరులో మిచిగన్‌లో ఫ్రెడ్ బర్క్ అనే కిరాయి హంతకుడి ఇంట్లో దొరికిన రెండు థాంప్సన్లు సరిపోయాయి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో నేర పరిశోధన ప్రయోగశాల పుట్టింది ఈ కేసు వల్లే.

పాతపత్రిక:
ఇంకో దెబ్బ 1930 జూన్ 9న పడింది. షికాగో ట్రిబ్యూన్ విలేఖరి జేక్ లింగిల్‌ను పట్టపగలు రైల్వే స్టేషన్‌కి వెళ్లే సొరంగ దారిలో తలవెనక నుంచి కాల్చారు. మొదట పత్రికలన్నీ అతన్ని అమరవీరుడన్నాయి, బహుమానాలు ప్రకటించాయి. రోజులు గడిచేకొద్దీ వారానికి 65 డాలర్ల జీతగాడు ధనవంతుడిలా బతికాడని బయటపడింది. చనిపోయేటప్పుడు అతని నడుముకి వజ్రాలు పొదిగిన బెల్టు బకిల్ ఉంది. అది కాపోన్ ఇచ్చిన కానుక. తనకు నచ్చినవాళ్లకు ఇచ్చే గుర్తు అది. పత్రికల్లో వచ్చిన మంచిమాటలకు వెనక ఏముందో పాఠకులకు మొదటిసారి కళ్లకు కట్టింది ఆ బకిలే.

గడపదాటని:
బాగుంది. మరి కాపోన్‌ను పట్టింది మద్యనిషేధ అధికారి ఎలియట్ నెస్, అతని ‘అన్‌టచబుల్స్’ దళం కదా?

నల్లకోటు:
కాదు. పదిమంది దాకా ఉన్న చిన్న దళం అది. బ్రూవరీల మీద దాడులు చేసి రాబడికి గండికొట్టింది. 1931 జూన్ 12న నిషేధచట్టం కింద 5,000 ఉల్లంఘనలతో అభియోగపత్రం దాఖలైంది కూడా. అది విచారణకే రాలేదు. శిక్ష పడింది పన్ను కేసులో. ఆ పని చేసింది ఎల్మర్ ఐరీ కింద పనిచేసిన రెవెన్యూ దర్యాప్తు విభాగం, ముఖ్యంగా ఫ్రాంక్ విల్సన్. ప్రభుత్వం తరఫున నడిపించినవాడు జార్జ్ జాన్సన్. నెస్ ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు. కానీ విల్సన్ పేరు ఎవరికీ గుర్తులేకపోవడం బాధగా ఉంటుంది. జమాఖర్చు గారు ఈ భాగం రాస్తే బాగుంటుంది.

జమాఖర్చు:
తప్పకుండా. కొంచెం పెద్దదవుతుంది.

మొదట పునాది. నేరం ద్వారా వచ్చిన డబ్బుకు పన్ను కట్టాలా? కడితే నేరం ఒప్పుకున్నట్టు కాదా? 1927లో సలివన్ అనే దొంగసారా వ్యాపారి కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది: ఆదాయం ఎలా వచ్చినా పన్ను కట్టాలి, తన మీద తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న హక్కు రిటర్ను వేయకపోవడానికి సాకు కాదు. ఆ తీర్పు లేకపోతే ఈ కేసే లేదు.

రెండోది, గురి చూసుకున్న వరస. నేరుగా కాపోన్ మీదికి పోలేదు. ముందు అతని అన్న రాల్ఫ్. రాల్ఫ్ బ్యాంకు ఖాతాలు మారుపేర్లతో తెరిచాడు. పేర్లు మారినా ఒక ఖాతా మూసిన రోజే అదే మొత్తం ఇంకో పేరుతో తెరిచిన ఖాతాలో పడితే ఆ గొలుసు పట్టుకోవడం కష్టం కాదు. మూడేళ్ల శిక్ష పడింది. తర్వాత ముఠాలో ముఖ్యుడైన ఫ్రాంక్ నిట్టికి ఏడాదిన్నర, లెక్కలు చూసే జేక్ గూజిక్‌కి ఐదేళ్లు.

కాపోన్ దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. అతని పేర బ్యాంకు ఖాతా లేదు. ఎక్కడా సంతకం పెట్టడు. అన్నీ నగదే. షికాగోలో ప్రెయిరీ ఎవెన్యూ ఇల్లు తల్లి, భార్య పేర్ల మీద ఉంది. ఫ్లోరిడా పామ్ ఐలాండ్‌లో 1928లో 40,000 డాలర్లకు కొన్న ఇల్లు కూడా భార్య పేరే. మనం బినామీ అంటాం చూడండి, అచ్చంగా అదే. అందుకే రెండు వైపుల నుంచి అల్లుకొచ్చారు.

ఒకటి, వచ్చిన డబ్బు. 1926 ఏప్రిల్‌లో మెక్‌స్విగిన్ అనే సహాయ ప్రాసిక్యూటర్ హత్య తర్వాత సిసెరోలో జూదపు ఇళ్ల మీద దాడులు జరిగాయి. అప్పుడు పట్టుకొచ్చిన కాగితాలు ఒక బీరువాలో నాలుగేళ్లు పడివున్నాయి. 1930లో విల్సన్ వాటిని తిరగేస్తుంటే ఒక లెడ్జరు దొరికింది. రెండేళ్లలో ఐదు లక్షల డాలర్లు దాటిన లాభం, వాటాల పంపకం, మధ్యలో ‘అల్’ అన్న పేరు. కానీ లెడ్జరు దొరికితే సరిపోదు. ఎవరు రాశారో తేలకపోతే అది కోర్టులో చెత్తకాగితం. విల్సన్ ముఠాతో సంబంధమున్నవాళ్ల చేతిరాతలు సేకరిస్తూ పోయాడు. చివరికి ఒక బ్యాంకు డిపాజిట్ చీటీ మీది రాత లెడ్జరులోని రాతతో కలిసింది. రాసినవాడు లెస్లీ షమ్‌వే అనే గుమాస్తా. మయామీలో కుక్కల పందేల మైదానంలో పనిచేస్తూ దొరికాడు. ఫ్రెడ్ రీస్ అనే క్యాషియరు జూదం లాభాలతో బ్యాంకు చెక్కులు కొని గూజిక్ మనుషులకు ఇచ్చేవాడినని చెప్పాడు.

ఇంకా ఒక ముడి మిగిలింది. ఆ జూదపు ఇల్లు కాపోన్‌దే అనడానికి రుజువేది? 1925లో ఒక చర్చి పాస్టర్ పూనుకుని అక్కడ దాడి చేయించినప్పుడు, పైజామా మీదే పరుగెత్తుకొచ్చిన కాపోన్ ఈ చోటుకు యజమానిని నేనే అన్నాడు. ఆరేళ్ల తర్వాత ఆ దాడిలో ఉన్నవాళ్లు వచ్చి కోర్టులో అదే చెప్పారు. కోపంలో అన్న ఒక్క మాట.

రెండో వైపు, పోయిన డబ్బు. ఈ పద్ధతి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇప్పటికీ వాడుకలో ఉంది. ఏడాది మొదట్లో మనిషికి ఉన్న ఆస్తిలో అప్పులు తీసేసి ఒక అంకె వేస్తారు. ఏడాది చివర మళ్లీ వేస్తారు. పెరిగినదానికి ఆ ఏడాది బతుకుతెరువు ఖర్చంతా కలుపుతారు. అందులోంచి పన్ను పడనివి, అంటే వారసత్వం, కానుకలు లాంటివి, తీసేస్తారు. మిగిలింది ఆదాయం. ఉదాహరణకు మొదట్లో 10,000 డాలర్ల ఆస్తి, చివర 30,000, ఖర్చులు 15,000, కానుకగా వచ్చింది 5,000 అనుకోండి. పెరిగింది 20,000, ఖర్చుతో 35,000, కానుక పోను 30,000. రిటర్నులో అంత చూపకపోతే మిగతాది దాచినట్టే. ఆస్తులేవీ పేరున లేనివాడి విషయంలో ఖర్చుల వైపే బరువు పెడతారు. కాపోన్‌కి చేసింది అదే.

ఇందులో తప్పు జరిగేది ఎక్కువగా మొదటి అంకె దగ్గర. పరుపు కింద పాత నగదు దాచుకున్నాను, అదే ఖర్చుపెట్టాను అని ముద్దాయి అంటే లెక్కంతా కూలిపోతుంది. 1954లో హాలండ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి హద్దులు గీసింది. మొదటి నికర ఆస్తిని ప్రభుత్వం గట్టిగా నిరూపించాలి, ముద్దాయి చూపించిన ఆధారాలను వదిలేయకుండా తనిఖీ చేయాలి.

ఇప్పుడు అసలు విషయం. కోర్టులో కాపోన్ ఖర్చులు చెప్పడానికి వచ్చినవాళ్లెవరు? దర్జీ దుకాణం వాళ్లు, సూటు 135 డాలర్లు. పట్టు లోదుస్తులు అమ్మిన గుమాస్తా. ఫర్నిచరు వాళ్లు, మాంసం కొట్టువాళ్లు, హోటలు వాళ్లు. మారుపేరుతో సంతకం పెట్టి టెలిగ్రాఫ్ మనీయార్డర్లు తీసుకొచ్చి ఇచ్చిన మయామీ హోటలు మేనేజరు. ఇంకా వజ్రాల బెల్టు బకిల్స్ అమ్మిన నగల వ్యాపారి: ఒక్కోటి దాదాపు 275 డాలర్ల చొప్పున ముప్పై. పాతపత్రిక గారు లింగిల్ నడుముకి చూపించారే, ఆ రకమే. స్నేహితులకు పంచి పేరు తెచ్చుకున్నవన్నీ ప్రభుత్వం వైపు పద్దుల్లో ఒక్కొక్కటిగా చేరాయి. ఇచ్చే గుణమే లేకపోతే ఖర్చుల పద్ధతికి ఇంత సరుకు దొరికేది కాదు.

పాతపత్రిక:
ఈ ముక్క కోసమే ఈ చర్చ మొదలుపెట్టాననిపిస్తోంది. ధన్యవాదాలు జమాఖర్చు గారు.

నల్లకోటు:
వకీళ్ల తప్పులు కూడా చెప్పాలి. ఇవి చదివితే గుండె చివుక్కుమంటుంది, ఎందుకంటే మంచి ఫీజు పుచ్చుకున్నవాళ్లే చేశారు.

మొదటిది మాటింగ్లీ ఉత్తరం. 1930లో పన్ను వకీలు లారెన్స్ మాటింగ్లీ రాజీ కుదురుతుందన్న ఆశతో రెవెన్యూ శాఖకు రాసిచ్చాడు: తన క్లయింటు ఆదాయం 1926లో 26,000 డాలర్లు, 1927లో 40,000, 1928, 1929లో లక్షకు మించకుండా ఉండవచ్చు అని. తక్కువ చేసి చూపించాననుకున్నాడు. ఆ రోజుల్లో 5,000 డాలర్ల స్థూల ఆదాయం దాటితే రిటర్ను వేయాలి. కాపోన్ ఏ ఏడూ వేయలేదు. అంటే ఆ ఉత్తరమే నేరం ఒప్పుకోలు. రాజీ మాటల్లో భాగం కాబట్టి చెల్లదని వాదించినా జడ్జి విల్కర్సన్ సాక్ష్యంగా తీసుకున్నాడు.

రెండోది ఒప్పందం. నేరం ఒప్పుకుంటే రెండున్నరేళ్లతో పోతుందని ప్రాసిక్యూటర్లతో మాట్లాడుకుని 1931 జూన్‌లో ఒప్పుకున్నారు. విలేఖరులకు కూడా ఆ సంగతి చెప్పేసుకున్నారు. కోర్టు ఎవరి బేరానికీ కట్టుబడదని జులై చివర విల్కర్సన్ తేల్చేసరికి ఒప్పుకోలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

మూడోది జ్యూరీ. జాబితా ముందే ముఠాకు చేరిందని సమాచారం అందింది. అక్టోబరు 6న విచారణ మొదలవుతుండగా విల్కర్సన్ నిదానంగా తన జ్యూరీని పక్క కోర్టు హాలుకి పంపి, అక్కడి జ్యూరీని తన హాలుకి రప్పించుకున్నాడు. పెట్టిన లంచమంతా గోడ అవతలికి పోయింది.

నాలుగోది అన్నిటికన్నా ఘోరం. గుర్రప్పందేల్లో విపరీతంగా పోగొట్టుకున్నాడు కాబట్టి ఆదాయం మిగల్లేదని వాదిస్తూ పందేల బుకీలను సాక్షులుగా పిలిచారు. జూదంలో పోయింది జూదంలో గెలిచినదానికే చెల్లు, వేరే ఆదాయానికి చెల్లదు. పైగా అంత పోగొట్టుకోవాలంటే ముందు అంత ఉండాలి కదా. ప్రభుత్వం తిప్పలుపడి నిరూపిస్తున్నదాన్ని తామే నిరూపించి పెట్టారు.

ఐదోది కాలపరిమితి. పన్ను ఎగవేతకు మూడేళ్లా, ఆరేళ్లా అన్నది అప్పటికి కోర్టుల్లో నలుగుతోంది. 1932లో షార్టన్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లే అంది. ఆ వాదన విచారణ సమయంలోనే గట్టిగా పట్టుకోవాల్సింది. జైలుకి వెళ్లాక ఎత్తుకుంటే ఫలితం లేకపోయింది.

అక్టోబరు 17 రాత్రి తీర్పు. 1925, 26, 27 ఎగవేతకు మూడు, 1928, 29 రిటర్నులు వేయనందుకు రెండు, మొత్తం ఐదు అభియోగాల్లో దోషి. ఆరేళ్లలో ఆదాయం 10,38,000 డాలర్లకు పైగా, ఎగ్గొట్టిన పన్ను 2,15,000కు పైగా అని ప్రభుత్వం లెక్క. 24న శిక్ష: ఎగవేత మూడింటికీ ఐదేసి ఏళ్లు, అందులో రెండు ఏకకాలంలో, మూడోది దాని తర్వాత. వెరసి పదేళ్లు. రిటర్నులు వేయనందుకు ఇంకో ఏడాది. పదకొండేళ్లు, 50,000 డాలర్ల జరిమానా, కోర్టు ఖర్చులు 7,692 డాలర్లు వేరే.

గడపదాటని:
విచారణ అప్పటికి జనం ఎటువైపు ఉన్నారు?

పాతపత్రిక:
రెండు తేదీలు చాలు. 1931 సెప్టెంబరు 9న కోమిస్కీ పార్కులో కాపోన్ కొడుకు కోసం కబ్స్ బేస్‌బాల్ జట్టు క్యాచర్ గాబీ హార్ట్‌నెట్ బంతి మీద సంతకం చేస్తున్న ఫొటో పత్రికల్లో వచ్చింది. బేస్‌బాల్ కమిషనరు వెంటనే ఆటగాళ్లెవరూ ప్రేక్షకులతో మాట్లాడకూడదని ఆంక్ష పెట్టాడు. నెల తిరక్కుండా, అక్టోబరు మొదట్లో, విచారణకు కొద్ది రోజుల ముందు, ఎవాన్‌స్టన్‌లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆటకు వెళితే విద్యార్థులు గేలిచేసి అరిచారు, ఆట అయ్యేదాకా ఉండలేకపోయాడు. సూప్ కేంద్రం తెరిచి ఏడాది కూడా కాలేదు.

తూటాలెక్క:
ఒక కొసరు. జ్యూరీ సంగతి చేరవేసినవాడు ఎడ్డీ ఓహేర్, కుక్కల పందేల వ్యాపారంలో ఉన్న వకీలు. 1939 నవంబరు 8న షికాగోలో కారులో వెళుతుండగా కాల్చి చంపారు. కాపోన్ విడుదలకు సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. షికాగోలోని ఓహేర్ విమానాశ్రయానికి ఉన్న పేరు అతని కొడుకుది, రెండో ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న నౌకాదళ పైలట్.

వైద్యపుటం:
జైలు, ఆరోగ్యం సంగతులు నేను పూర్తిచేస్తాను. 1932 మేలో అట్లాంటా జైలు, 1934 ఆగస్టులో అల్‌కట్రాజ్ ద్వీపపు జైలు, అక్కడ నంబరు 85. లాండ్రీలో పని, జైలు బ్యాండులో బాంజో. 1936 జూన్‌లో ఒక ఖైదీ కత్తెర బద్దతో వీపులో పొడిచాడు. బయట ఎంత పలుకుబడి ఉన్నా అక్కడ లంచానికి దారి లేదు, వార్డెన్ పద్ధతే అది.

వయసులో సోకిన సిఫిలిస్‌కు సరైన చికిత్స తీసుకోలేదు. ఏళ్ల తరబడి లోపలే ఉండి మెదడుకి ఎక్కింది. 1938 ఫిబ్రవరిలో ఉన్నట్టుండి ఎక్కడున్నాడో తెలియని స్థితిలో కనబడ్డాడు, ఆసుపత్రి వార్డులో పెట్టారు. అప్పటికి ఉన్న వైద్యం ఏమిటంటే మలేరియా ఎక్కించి ఒళ్లు కాలిపోయే జ్వరం తెప్పించడం. క్రిమి ఆ వేడికి తట్టుకోదని. దీనికి 1927లో వాగ్నర్ యౌరెగ్‌కి నోబెల్ కూడా వచ్చింది. పెన్సిలిన్ 1940ల్లో అతనికీ అందింది, మామూలు పౌరుల్లో తొలి కొద్దిమందిలో ఒకడు. కానీ అది క్రిమిని చంపుతుంది, చచ్చిన మెదడు కణాన్ని తిరిగి తేలేదు. 1946లో పరీక్షించిన వైద్యులు పన్నెండేళ్ల పిల్లవాడి బుద్ధి అన్నారు. 1947 జనవరి 25న పామ్ ఐలాండ్ ఇంట్లో పోయాడు. పక్షవాతం వచ్చి, దాని మీద న్యుమోనియా, గుండె ఆగింది. 48 ఏళ్లు.

గడపదాటని:
విడుదలయ్యాక నేరుగా ఫ్లోరిడా వెళ్లాడా?

వైద్యపుటం:
లేదు, ముందు బాల్టిమోర్. 1939 నవంబరు 16న వదిలాక జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి చేర్చుకోనంది. యూనియన్ మెమోరియల్ ఆసుపత్రి చేర్చుకుంది. అందుకు కృతజ్ఞతగా కొమ్మలు కిందికి వాలే జపాన్ చెర్రీ చెట్లు రెండు ఆ ఆసుపత్రికి ఇచ్చాడు. కొత్త భవనం కట్టేటప్పుడు ఒకటి కొట్టేశారు. రెండోది అక్కడే ఉండిపోయింది, ఏటా వసంతంలో గులాబీ రంగు పూలు పూస్తూ.